అరవై ఆంపియర్ల షెడ్డు

పెరట్లో షెడ్డుకి కరెంటు కావాలని హెల్మీ అడిగినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఫిబ్రవరిలో దులూత్‌లో వాళ్ళ అక్క ఇర్యా పోయినప్పటి నుంచి నా భార్య నాతో మాట్లాడిందే తక్కువ. "ఉప్పు ఇటివ్వు", "తలుపు వెయ్యి", "చెత్తబండి వచ్చింది". నాలుగు నెలలుగా మా కాపురం ఈ మూడు ముక్కల మీదే నడుస్తోంది. అలాంటిది జూన్ మొదటి వారంలో ఓ పొద్దున కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, "ఆర్వో, షెడ్డుకి లైను లాగగలవా?" అంది.

లాగగలవా! ముప్పై నాలుగేళ్ళు రంపపు మిల్లులో కరెంటు పని చేసి రిటైరైనవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది?

"ఎంత లోడు?" అన్నాను, కుర్చీ ముందుకు లాక్కుని.

"అంటే?"

"అక్కడ ఏమేం వాడతావో కాగితం మీద రాసివ్వు. దాన్నిబట్టి తీగ మందం, దాన్నిబట్టి బ్రేకరు. పర్మిట్టు కాగితంలోనూ అదే రాయాలి."

చర్చిలో ఆదివారం పంచిన కాగితం వెనక పెన్సిలుతో రాసింది. కుట్టుమిషను. ఇస్త్రీపెట్టె. రెండు లైట్లు. ఒక చిన్న హీటరు. హెల్మీ పాత బట్టల ముక్కలతో బొంతలు కుడుతుంది. మా ఊళ్ళో సగం మంచాల మీద ఉన్నవి తన బొంతలే. మేడమీద గదిలో చోటు చాలడం లేదు కాబోలు అనుకున్నాను. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి, "ఇదెంత పని? ఇరవై ఆంపియర్ల లైను ఒక్కటి లాగితే సరి, వారంలో అయిపోతుంది" అన్నాను.

వారంలో అవలేదు. వారంలో కాగితం పెరిగింది.

మంగళవారం చూస్తే, కింద "చిన్న ఫ్రిజ్" అని ఉంది. శుక్రవారానికి "కరెంటు పొయ్యి, రెండు బర్నర్లది". ఆ తర్వాతి సోమవారం చిన్న హీటరు కొట్టేసి పైన "గోడ హీటరు, పెద్దది" అని రాసింది. ఒక్కోటి పెరిగినప్పుడల్లా నేను తీగ మందం పెంచుకుంటూ పోయాను తప్ప, ఎందుకని అడగలేదు. పని దొరికినవాడికి మతి ఉండదు.

మతి తెప్పించింది పక్కింటి వైనో. నాతోపాటు మిల్లులో చేసినవాడే. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. కంచె మీద మోచేతులానించి మొత్తం జాబితా నా చేత చదివించుకున్నాడు.

"ఒరేయ్ ఆర్వో, బొంతలు కుట్టడానికి పొయ్యెందుకురా?"

"కాఫీ పెట్టుకుంటుందిలే."

"మరి ఫ్రిజ్?"

"పాలకి."

"పొయ్యి, పాలు, వెచ్చటి గోడ. ఒరే పిచ్చి సన్నాసీ, దాన్ని కుట్టుగది అనరు, కాపురం అంటారు. కాకపోతే అందులో నువ్వు లేవు."

"నోర్ముయ్" అన్నాను గానీ ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. పట్టకారు పట్టుకుంటే ఎందుకు పట్టుకున్నానో గుర్తుండదు. హెల్మీని అడగబోతాను, తను తలెత్తి చూస్తుంది, "కాఫీ ఉందా?" అని ఇంకేదో అడిగి వచ్చేస్తాను.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో భోజనానికి గంట అంటూ లేదు. సెల్లారులో ఉన్న మెయిన్ బోర్డే గంట. మూడుసార్లు పిలిచినా రానివాళ్ళ గది బ్రేకరు దించేసేవాణ్ణి. మా అమ్మాయి టీవీ ముందు కూర్చుని ఉంటే బొమ్మ టపీమని ఆగేది, "నాన్నా!" అని అరుచుకుంటూ మెట్లు దిగేది. అమ్మాయి పెళ్ళయి మిల్వాకీ వెళ్ళిపోయాక మిగిలింది హెల్మీ కుట్టే మేడగది ఒక్కటే. ఆ గది బ్రేకరు దించితే మిషను ఆగుతుంది, మనిషి దిగుతుంది. వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాణ్ణి. వాళ్ళూ నవ్వేవాళ్ళు.

జూలై మొదట్లో వైనో ఇచ్చిన చేపలు వేయించి, రై రొట్టె కోసి, బల్ల సర్ది హెల్మీని పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలుస్తుంటేనే నాకో ఆలోచన వచ్చింది. పాత సరదా చేస్తే పాత రోజులు వస్తాయేమో, విసుక్కుంటూనైనా నవ్వుతుందేమో అనిపించింది. సెల్లారులోకి దిగి మేడగది బ్రేకరు దించాను. పైన మిషను చప్పుడు ఆగింది.

తను దిగడానికి చాలాసేపు పట్టింది. వంటింట్లోకి వచ్చింది, కూర్చోలేదు. ఫ్రిజ్ మీద కాగితం తీసి, చెవి మీది పెన్సిలుతో నిలబడే ఒక ముక్క రాసి, మళ్ళీ అంటించింది. నేను లేచి చూశాను. "కరెంటు దుప్పటి, ఒక్కరిది."

"ఇదెందుకు?" అన్నాను.

"రాత్రి చలేస్తుంది."

"రాత్రిపూట షెడ్డులో నీకేం పని?"

"పడుకోవడం."

ఫోర్కు బల్ల మీద పెట్టాను. "ఎప్పట్నుంచి?"

"మంచు పడేలోపు వెళ్ళిపోతాను. ఊరొదిలి పోవట్లేదుగా, పెరట్లోకే."

"నేనేం చేశాను హెల్మీ?"

"చేపలు చల్లారిపోతున్నాయి. తిను" అని పైకి వెళ్ళిపోయింది.

ముప్పై ఆరేళ్ళ కాపురం. తాగి రాలేదు, చెయ్యెత్తలేదు, ఇంకో ఆడదాని వంక చూడలేదు. ఏం చేశానని? ఆ రాత్రి పక్క మీద దొర్లుతూ నా తప్పులన్నీ ఏరుకున్నాను. బురద బూట్లు, గురక, వాళ్ళ అమ్మ తద్దినానికి పువ్వులు మర్చిపోవడం. ఏదీ అరవై ఆంపియర్లకి సరిపోలేదు.

లెక్క తేలింది మరి అరవై. అంత లోడుకి ఒట్టి తీగ కుదరదు. మెయిన్ బోర్డులో దానికో పెద్ద బ్రేకరు, అక్కణ్ణుంచి భూమిలో గొట్టం, గొట్టంలో నాలుగు తీగలు, అటు చివర షెడ్డుకంటూ వేరే చిన్న బోర్డు. వేరు కాపురానికి వేరే బోర్డు. ఇంటి గోడ నుంచి షెడ్డుకి అరవై అడుగులు, మూరెడు లోతు తవ్వాలి.

మా కీవినా ప్రాంతంలో మట్టి అంటే పైన జానెడే, కింద అంతా రాయి. అది నాకు కలిసొచ్చింది. రాయి పేరు చెప్పి ఓ రోజు, నడుం పేరు చెప్పి రెండు రోజులు, దోమల పేరు చెప్పి వారం గడిపాను. మంచు పడేదాకా లాగితే నేల గడ్డకడుతుంది, తవ్వడం కుదరదు, చలికాలమంతా తను ఇంట్లోనే ఉంటుంది, ఆరు నెలల్లో ఎవరి మనసు ఎలా మారుతుందో. ఇదీ నా ఎత్తు. హెల్మీ రోజూ సాయంత్రం మెడలో వేలాడే కుట్టు టేపు తీసి కందకం పక్కన వంగి కొలిచేది.

"నిన్నటి మీద పదకొండు అంగుళాలు" అనేది.

"పెద్ద రాయి అడ్డొచ్చింది."

"ఊఁ. నిన్నా అదే రాయి."

ఆగస్టు మూడో వారానికి అవతలి గోడ చేరక తప్పలేదు. గొట్టం వేశాను. ఇక మా కౌంటీ ఇన్‌స్పెక్టరు క్లైడ్ ట్రెజోనా వచ్చి గొట్టం ఎంత లోతులో ఉందో కళ్ళతో చూడాలి, ఆ తర్వాతే మట్టి కప్పాలి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలిసిన సంగతే. క్లైడ్ గురువారం వస్తానన్నాడు. బుధవారం హెల్మీ చర్చి ఆడవాళ్ళతో అడవి పళ్ళు కొయ్యడానికి వెళ్ళింది. తను తిరిగొచ్చేసరికి నేను అరవై అడుగులూ పూడ్చేసి, పైన కాలితో తొక్కి, గడ్డి పెళ్ళలు కూడా పరిచేశాను. నెలన్నర తవ్వినదాన్ని ఆరు గంటల్లో పూడ్చాను. నడుం నొప్పి ఎటుపోయిందో తెలీదు.

గురువారం క్లైడ్ కారు దిగి, దారిలో తిన్న మాంసం పాస్టీ తునకలు చొక్కా మీంచి దులుపుకుంటూ పెరట్లోకి వచ్చాడు.

"గొట్టం ఏదయ్యా?"

"కింద ఉంది."

"కింద ఉంటే నాకెలా కనబడుతుంది? పూడ్చేశావా?"

"మర్చిపోయాను క్లైడ్. వయసు మీద పడుతోంది కదా."

క్లైడ్ నా ముఖంలోకి చూశాడు. "ఈ రూలు నాకు నేర్పిందే నువ్వు. మిల్లులో నేనొకసారి పూడ్చేస్తే నా చేతే మళ్ళీ తవ్వించావు, గుర్తుందా? నన్నేం చెయ్యమంటావు ఇప్పుడు?"

"నీ పని నువ్వు చెయ్యి."

షెడ్డు తలుపుకి తనిఖీ తప్పిందని ఎర్ర కాగితం అంటించి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళాడు. వెనక మెట్ల మీద హెల్మీ నిలబడి అంతా విన్నట్టుంది. లోపలికెళ్ళి రబ్బరు బూట్లు వేసుకొచ్చింది. పార తీసుకుంది. షెడ్డు వైపు నుంచి మొదలుపెట్టి, నేను పరిచిన గడ్డి పెళ్ళల్ని ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది.

"వదిలెయ్, నేను తవ్వుతాను" అన్నాను.

"నువ్వు మర్చిపోలేదు ఆర్వో. నీకన్నీ గుర్తుంటాయి."

"హెల్మీ..."

"ఇంకోసారి పూడిస్తే ఇంకోసారి తవ్వుతాను. నేల గడ్డకట్టినా తవ్వుతాను. ఎన్నిసార్లు పూడుస్తావో పూడ్చు."

అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు సరిగా వంగవు. నాకు తల కొట్టేసినట్టయింది. గునపం తెచ్చుకుని ఇంటి గోడ వైపు నుంచి మొదలుపెట్టాను. తను అటునుంచీ నేను ఇటునుంచీ తవ్వుకుంటూ శనివారం మధ్యాహ్నానికి కలిశాం. కలిసినచోట తన పారా నా గునపం పక్కపక్కన ఆనించాం. సాయంత్రం మా వాళ్ళ శనివారపు అలవాటు ప్రకారం పెరటి ఆవిరిగదిలో పక్కపక్కనే కూర్చుని చెమటలు కక్కాం. వేడి రాళ్ళ మీద నీళ్ళు తనే పోసింది.

ఆ తర్వాత నేను దొంగపని చెయ్యలేదు. చెయ్యాలనిపించలేదు. నాలుగు తీగలూ లాగాను, షెడ్డు గోడకి బోర్డు బిగించాను, రాళ్ళ సందు వెతికి భూమిలోకి ఎనిమిదడుగుల ఎర్తు కడ్డీ దింపాను. షెడ్డు బోర్డులో న్యూట్రల్ వేరు, ఎర్తు వేరు. ఆ రెండూ కలిసేది ఇంటి మెయిన్ బోర్డులోనే. బ్రేకర్ల పక్కన పేర్లు నా చేత్తో రాశాను. పొయ్యి. హీటరు. మిషను. దుప్పటి అని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు, "మంచం దగ్గర ప్లగ్గు" అని రాశాను.

గొట్టం లోతు క్లైడ్ ఆ తర్వాతి వారమే చూసి వెళ్ళాడు. సెప్టెంబరు పన్నెండున ఆఖరి తనిఖీకి వచ్చాడు. బోర్డు మూత తీసి ప్రతి స్క్రూ తడిమి చూసి, "ఏమన్నా పనా ఇది! కుర్రాళ్ళకి తెచ్చి చూపించాలి" అని ఆకుపచ్చ కాగితం అంటించాడు. హెల్మీ గుమ్మంలో నిలబడి ఉంది.

"క్లైడ్, నాకొక అనుమానం" అంది. "కరెంటు ఇక్కడెలా ఆపాలి?"

"ఇదుగోనమ్మా, పైనున్న ఈ పెద్ద బ్రేకరు దించితే షెడ్డంతా ఆగిపోతుంది. మీ చేతిలో పని."

"అది కాదు. ఆర్వో సెల్లారులో దించితే?"

"అప్పుడూ ఇక్కడ చీకటే. ఇది వచ్చేదే అక్కణ్ణుంచి కదా." క్లైడ్ నవ్వాడు. "ఏం, మొగుడు అలిగి దించేస్తాడని భయమా?"

మేమిద్దరం నవ్వలేదు. హెల్మీ షెడ్డు మెట్టు మీద కూలబడినట్టు కూర్చుంది. "అయితే ఇంత తవ్వీ ఎక్కడికీ పోలేదన్నమాట" అంది, తనలో తనే అనుకుంటున్నట్టు. క్లైడ్ నా వంక చూశాడు, తన వంక చూశాడు, ఇంకో ఇంటికి వెళ్ళాలని చెప్పి సంచీ సర్దుకున్నాడు.

కారు చప్పుడు దూరమయ్యాక నేను తన ముందు గడ్డిలో కూర్చున్నాను. "ఇవాళ చెప్పు. ఏం చేశానో చెప్పు" అన్నాను.

"ఇర్యా పోవడానికి ముందురోజు సాయంత్రం గుర్తుందా?"

"ఏముంది ఆ రోజు?"

"రెండు రోజుల నుంచి మాట పడిపోయి ఉన్న మనిషి, ఆ సాయంత్రం తెలివొచ్చి, నర్సుని అడిగి నాకు ఫోను చేసింది. మేడగదిలో ఉన్నాను, తీగలేని ఆ కొత్త ఫోనులో మాట్లాడుతున్నాను. 'హెల్మీ, నీకొకటి చెప్పాలే, అమ్మ పోయేముందు నీ గురించి' అంది. అంతే."

"అంతే అంటే?"

"నువ్వు భోజనానికి పిలిచావు."

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అంతా కళ్ళముందు కనబడింది. నేను మేడగది బ్రేకరు దించడం, మిషనుతోపాటు గోడ ప్లగ్గు మీద నడిచే ఆ ఫోనూ ఆగిపోవడం. హెల్మీ మెట్లు దిగి పరిగెత్తుకు రావడం, వంటింటి గోడకున్న పాత ఫోను పట్టుకుని మూడుసార్లు నంబరు తిప్పడం, "సరే, పొద్దున చేస్తాను" అనడం. తను ఫోను పెట్టేశాక నేను గరిటె ఊపుతూ, "చూశావా, ఎలా దిగొచ్చావో" అన్నాను. అన్నాను, నేనే అన్నాను. మర్నాడు తెల్లవారుజామునే కబురొచ్చింది.

"మళ్ళీ నిద్రలోకి వెళ్ళిపోయిందంది నర్సు. అమ్మ నా గురించి ఏమందో నాకు తెలీదు. ఇక తెలిసే దారీ లేదు" అంది హెల్మీ.

"నాతో చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవాడివి? మళ్ళీ వెలిగించేవాడివా?"

"నాకు తెలీదు హెల్మీ. ఒట్టు, నాకు తెలీదు."

"తెలీదని నాకు తెలుసు. అందుకే నాలుగు నెలలు ఆగాను, తెలుసుకుంటావేమోనని. జూలైలో మళ్ళీ దించావు."

నాకు ఏడుపొచ్చింది. గడ్డిలో కూర్చుని, అంత పెద్దవాణ్ణి, మొహం దాచుకోకుండా ఏడ్చాను. తను లేచి లోపలికి వెళ్ళలేదు, నన్ను ఓదార్చనూ లేదు. అక్కడే మెట్టు మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే పక్క టౌను హాటన్ వెళ్ళి కరెంటు సామాన్ల కొట్లో రెండు బిళ్ళలు కొన్నాను. మిల్లులో నిప్పు అలారం బ్రేకర్లకి పెట్టేవాళ్ళం వాటిని. వేలెడంత ఇనప బిళ్ళ బ్రేకరు పిడిని పైకే పట్టి ఉంచుతుంది. షార్టయితే బ్రేకరు లోపల తనంతట తను తెగుతుంది గానీ, మనిషి చేత్తో దించలేడు. ఇంటికొచ్చి హెల్మీని సెల్లారులోకి పిలిచాను. ఆ బోర్డు ముందుకి తను ఏళ్ళ తరబడి రాలేదు. చివరి మెట్టు మీదే ఆగింది.

"ఇది షెడ్డుది" అని బిళ్ళ పెట్టి స్క్రూడ్రైవరు తన చేతికిచ్చాను. "నువ్వే బిగించు."

బిగించింది. మణికట్టు తెల్లబడేదాకా బిగించింది. తర్వాత నా చేతిలో రెండోది చూసింది.

"అదెక్కడికి?"

"మేడగదికి."

"అక్కడ ఇక ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. అయినా సరే."

దాన్నీ బిగించింది. స్క్రూడ్రైవరు నాకు తిరిగివ్వకుండా ఏప్రన్ జేబులో వేసుకుని మెట్లెక్కింది. అది నా మంచి స్క్రూడ్రైవరు. అడగలేదు.

అక్టోబరు మొదటివారంలో వైనో, నేనూ కలిసి మంచం మోశాం. వైనో నోరు మొదటిసారి మూతబడింది. మిషను తనే మోసుకుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనతో భోజనం ఎలాగో, ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఏమీ మాట్లాడుకోలేదు. రాత్రి వంటింటి కిటికీలోంచి షెడ్డు లైటు కనబడేది. తను ఆర్పితే ఆరేది.

నెలాఖర్న మంచు పడింది. పొద్దుట్నుంచీ ఆగకుండా పడి సాయంత్రానికి మోకాలెత్తు పేరుకుంది. పాలూ బంగాళాదుంపలూ వేసి చేపల పులుసు కాచాను, ఇద్దరికి సరిపడా. ఆరయింది. కాళ్ళు వాటంతటవే సెల్లారు తలుపు దాకా వెళ్ళాయి, చెయ్యి గడియ మీద పడింది. చెయ్యి తీసేశాను. బూట్లు తొడుక్కుని, పార పట్టుకుని, కందకం తవ్విన దారి వెంటే మంచు తోసుకుంటూ అరవై అడుగులూ నడిచాను. తలుపు తట్టాను.

"ఎవరూ?"

ఆ మంచులో ఇంకెవరొస్తారు! "నేనే" అన్నాను. "పులుసు కాచాను. వస్తావేమోనని అడగడానికొచ్చాను."

లోపల మిషను ఆగలేదు. "ఈ వరస కుట్టి చెప్తాను" అంది.

"సరే" అన్నాను.

పెద్ద బొంత కాబోలు, వరస పొడుగ్గా ఉన్నట్టుంది. మిషను ఆగుతోంది, బట్ట తిప్పుతోంది కాబోలు, మళ్ళీ మొదలవుతోంది. మంచు టోపీ మీద పడుతోంది. పులుసు చల్లారిపోతుందని ఒకసారి అనబోయి ఊరుకున్నాను. పార గోడకి ఆనించి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను.